చంద్రశేఖర్ పరిమితిని మీరే లెక్కగట్టడం ఎలా

ఖగోళ భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ అనగానే చాలామంది 1.44 అంటారు. సూర్యుడికి 1.44 రెట్ల కంటే బరువైన శ్వేత కుబ్జం (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం) ఉండదని కూడా చెబుతారు. ఆ అంకె ఎలా వచ్చిందో కాగితం మీద చూపించమంటే మాత్రం వెనక్కి తగ్గుతారు. అంత భయపడాల్సిన పని లేదు. డిగ్రీ ఫిజిక్స్ చదివినవాళ్లు ఒక సైంటిఫిక్ కాల్‌క్యులేటర్, ఎక్సెల్ దగ్గర పెట్టుకుంటే ఒక్కరోజులో పూర్తయ్యే లెక్క ఇది. ఆయన గురించి పది వ్యాసాలు చదివినా దొరకని పరిచయం ఈ లెక్క ఒకసారి చేస్తే దొరుకుతుంది. అందుకే ఇక్కడ జీవిత విశేషాలు లెక్కకు అవసరమైనంతవరకే వస్తాయి.

ముందు కొంత నేపథ్యం

చంద్రశేఖర్ 1910 అక్టోబర్ 19న లాహోర్‌లో పుట్టారు. తండ్రిది రైల్వే అకౌంట్స్ ఉద్యోగం. సి.వి. రామన్ ఆయనకు చిన్నాన్న. చదువు మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో. 1928లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త సోమర్‌ఫెల్డ్ మద్రాసు వచ్చినప్పుడు ఆయన్ను కలిసి, ఎలక్ట్రాన్ల కొత్త గణాంక సూత్రాల గురించి తెలుసుకున్నారు. అప్పటికి రెండేళ్ల ముందే, 1926లో, కేంబ్రిడ్జిలో ఆర్.హెచ్. ఫౌలర్ ఆ సూత్రాలను శ్వేత కుబ్జాలకు వర్తింపజేశారు. ఇంధనం అయిపోయిన నక్షత్రాన్ని నిలబెట్టేది వేడి కాదు, ఇరుకున పడ్డ ఎలక్ట్రాన్ల పీడనం అని చూపించారు. ఆ ఫౌలర్ దగ్గరే పరిశోధన చేయడానికి 1930 జులై 31న చంద్రశేఖర్ బొంబాయిలో ఓడ ఎక్కారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు నిండలేదు.

ప్రయాణంలో ఆయన వేసుకున్న ప్రశ్న ఒక్కటే. నక్షత్రం మధ్యలో ఎలక్ట్రాన్ల వేగం ఎంత? అది కాంతివేగానికి దగ్గరగా ఉంటే ఫౌలర్ వాడిన పాత గతిశక్తి సూత్రం అక్కడ చెల్లదు. సాపేక్ష సిద్ధాంతం వాడాలి. కిందున్న లెక్క అంతా ఈ ప్రశ్నకు జవాబే.

కావలసిన స్థిరాంకాలు

అన్నీ ఎస్ఐ యూనిట్లలోనే (మీటరు, కిలో, సెకను) తీసుకోండి. పాత పుస్తకాలు సెంటీమీటరు, గ్రాముల్లో రాస్తాయి. రెండూ కలిపారంటే జవాబు పాడైపోతుంది.

ప్లాంక్ స్థిరాంకం (హెచ్) = 6.62607 × 10⁻³⁴
కాంతివేగం (సి) = 2.99792 × 10⁸
గురుత్వ స్థిరాంకం (జి) = 6.6743 × 10⁻¹¹
పరమాణు ద్రవ్యరాశి ప్రమాణం = 1.66054 × 10⁻²⁷ కిలోలు
ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి = 9.10938 × 10⁻³¹ కిలోలు
సూర్యుడి ద్రవ్యరాశి = 1.9885 × 10³⁰ కిలోలు

వీటితోపాటు మ్యూ అనే అంకె ఒకటి కావాలి. ఒక్కో ఎలక్ట్రాన్ వెంట ఎన్ని ప్రమాణాల బరువు ఉందో అది చెబుతుంది. కార్బన్‌లో 12 ప్రమాణాల బరువుకు 6 ఎలక్ట్రాన్లు, ఆక్సిజన్‌లో 16కు 8, హీలియంలో 4కు 2. మూడింటికీ మ్యూ 2 అవుతుంది. ఇనుముకైతే 56 ÷ 26, అంటే 2.154.

జవాబులో మ్యూ వర్గం భాజకంగా వస్తుంది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. చంద్రశేఖర్ 1931లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో అచ్చువేసిన తొలి పత్రంలో జవాబు 1.44 కాదు, 0.91. లెక్క తప్పి కాదు, అప్పట్లో అందరూ వాడే 2.5నే ఆయనా మ్యూకు వాడారు. నక్షత్రాల్లో ఏ మూలకం ఎంత ఉందో అప్పటికి స్పష్టత లేదు.

మొదటి మెట్టు: ఎలక్ట్రాన్ల పీడనం

స్థానం, ద్రవ్యవేగం కలిసిన ప్రదేశాన్ని హెచ్ ఘనం పరిమాణమున్న గదులుగా విభజించండి. ఒక్కో గదిలో రెండే ఎలక్ట్రాన్లు, స్పిన్ పైకి ఒకటి, కిందికి ఒకటి. గదులు కిందినుంచి వరసగా నిండుతాయి. చివరి గది దగ్గరున్న ద్రవ్యవేగమే ఫెర్మీ ద్రవ్యవేగం:

ఫెర్మీ ద్రవ్యవేగం = హెచ్ × (3 × ఎలక్ట్రాన్ సాంద్రత ÷ 8పై)^(1/3)

ఇక్కడ ఎలక్ట్రాన్ సాంద్రత అంటే ఘనమీటరుకు ఎన్ని ఎలక్ట్రాన్లు అని. కాల్‌క్యులేటర్‌తో జాగ్రత్త. హెచ్ ఘనం దాదాపు 2.9 × 10⁻¹⁰⁰. చాలా చేతి కాల్‌క్యులేటర్లు 10⁻⁹⁹ దిగువన సున్నా చూపిస్తాయి. హెచ్‌ను విడిగా ఘనం చేయకుండా, పైన రాసినట్టు ఘనమూలం తీసుకున్నాకే దానితో గుణించండి.

వేగం కాంతివేగానికి చాలా తక్కువగా ఉన్నప్పుడు పీడనం ఇలా వస్తుంది:

పీడనం = ఎలక్ట్రాన్ సాంద్రత × ఫెర్మీ ద్రవ్యవేగపు వర్గం ÷ (5 × ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి)

వేగం కాంతివేగాన్ని దాదాపు అందుకున్నప్పుడు ఎలక్ట్రాన్ శక్తి ద్రవ్యవేగం × సి అవుతుంది. సగటు శక్తి ఫెర్మీ శక్తిలో నాలుగింట మూడొంతులు, పీడనం శక్తి సాంద్రతలో మూడోవంతు. కాబట్టి:

పీడనం = ఎలక్ట్రాన్ సాంద్రత × ఫెర్మీ ద్రవ్యవేగం × సి ÷ 4

మొదటి సూత్రంలో పీడనం సాంద్రత 5/3 ఘాతంతో పెరుగుతుంది, రెండో దాంట్లో 4/3 ఘాతంతో. తేడా చూడటానికి చిన్నదే అయినా నక్షత్రం బతుకు దాని మీదే ఆధారపడి ఉంది. ఒక నక్షత్రం తన బరువును తానే మోయాలంటే మధ్యలో ఉండాల్సిన పీడనం ద్రవ్యరాశి వర్గం ÷ వ్యాసార్ధం నాలుగో ఘాతం అన్న లెక్కన పెరుగుతుంది. 4/3 ఘాతం ఉన్నప్పుడు ఎలక్ట్రాన్లు ఇచ్చే పీడనం కూడా వ్యాసార్ధం నాలుగో ఘాతంతోనే మారుతుంది. రెండు పక్కలా వ్యాసార్ధం కొట్టేసుకుపోతుంది. నక్షత్రం కుంచించుకుపోయినంత మాత్రాన అదనపు బలం రాదు. తూకం కుదిరే ద్రవ్యరాశి ఒక్కటే మిగులుతుంది. చంద్రశేఖర్ పరిమితి అంటే ఇదే. ఈ పేరా అర్థమయ్యాకే ముందుకు వెళ్లండి. ఇక మిగిలింది అంకెల పని.

ఏ సాంద్రత దగ్గర మొదటి సూత్రం వదిలి రెండోది పట్టుకోవాలి? ఫెర్మీ ద్రవ్యవేగం ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి × సి కి సమానమైన చోట. మ్యూ 2 అయితే అది ఘనమీటరుకు 1.95 × 10⁹ కిలోలు, అంటే ఘన సెంటీమీటరుకు దాదాపు రెండు టన్నులు. శ్వేత కుబ్జాల మధ్యభాగంలో సాంద్రత తరచు దీన్ని దాటేస్తుంది. ఓడలో ఆయన గమనించింది ఇదే.

రెండో మెట్టు: కె విలువ

ఎలక్ట్రాన్ సాంద్రత బదులు మామూలు సాంద్రత పెడితే పీడనం = కె × సాంద్రత^(4/3) అవుతుంది.

కె = (హెచ్ × సి ÷ 8) × (3 ÷ పై)^(1/3) ÷ (మ్యూ × పరమాణు ద్రవ్యరాశి ప్రమాణం)^(4/3)

విడివిడిగా చేసుకుంటూ సరిచూసుకోండి. పై భాగం 2.445 × 10⁻²⁶ రావాలి. మ్యూ 2 పెడితే కింది భాగం 4.955 × 10⁻³⁶. కె విలువ 4.935 × 10⁹.

మూడో మెట్టు: లేన్-ఎమ్డెన్ పట్టిక

నక్షత్రంలో ప్రతి పొరా తన పైనున్న పొరల బరువును మోయాలి. ఆ షరతును యూనిట్లు లేని రూపంలో రాస్తే లేన్-ఎమ్డెన్ సమీకరణం వస్తుంది. రాబర్ట్ ఎమ్డెన్ 1907లోనే దీనికి పట్టికలు అచ్చువేశారు కాబట్టి 1930లో చంద్రశేఖర్ దీన్ని మొదటినుంచీ సాధించాల్సిన పని పడలేదు. మీరు మాత్రం సాధించండి, నక్షత్రం లోపల ఏముందో కళ్లకు కడుతుంది.

మూడు నిలువు వరసలు చాలు. ‘దూ’ కేంద్రం నుంచి దూరం. ‘థీటా’ కేంద్రంలో 1, ఉపరితలంలో 0. దాని ఘనమే ఆ చోటి సాంద్రత, కేంద్ర సాంద్రతతో పోల్చి. ‘క్యూ’ ఆ దూరం లోపలున్న ద్రవ్యరాశి. మార్పు రేట్లు ఇవి:

థీటా మారే రేటు = − క్యూ ÷ దూ²
క్యూ మారే రేటు = దూ² × థీటా³

అందరూ చేసే మొదటి తప్పు దూ = 0 దగ్గర మొదలుపెట్టడం. అక్కడ సున్నాను సున్నాతో భాగించాల్సి వచ్చి ఎక్సెల్ ఎర్రర్ ఇస్తుంది. 0.1 దగ్గర మొదలుపెట్టినా ఇబ్బందే. దూ అంత చిన్నగా ఉన్నచోట మెట్టు 0.1 పెడితే మొదటి వరసలోనే క్యూలో దాదాపు మూడు శాతం తేడా వస్తుంది. అందుకని కేంద్రం దగ్గర శ్రేణి వాడి నేరుగా 0.5కు వెళ్లండి:

థీటా = 1 − దూ²/6 + దూ⁴/40 − 19 దూ⁶/5040
క్యూ = దూ³/3 − దూ⁵/10 + 19 దూ⁷/840

దూ = 0.5 దగ్గర థీటా 0.9598, క్యూ 0.0387 వస్తాయి. ఇక్కణ్ణుంచి 0.1 చొప్పున మెట్లు వేయండి. ఒక మెట్టు వివరంగా చూద్దాం. ముందు ఉన్నచోట వాలులు (పైన చెప్పిన మార్పు రేట్లు) లెక్కకట్టాలి: థీటాకు −0.1548, క్యూకు 0.2211. ఆ వాలులతో సగం మెట్టు, అంటే 0.05, నడిస్తే థీటా 0.9521, క్యూ 0.0498. ఆ నడిమి చోట, దూ 0.55 దగ్గర, వాలులు మళ్లీ లెక్కకట్టాలి: −0.1645, 0.2611. ఇప్పుడు పాత చోటుకే తిరిగొచ్చి, ఈ నడిమి వాలులతో పూర్తి మెట్టు వేయాలి. దూ 0.6 దగ్గర థీటా 0.9434, క్యూ 0.0648. అసలు విలువలు 0.9431, 0.0648. మెట్టును 0.05 చేస్తే తేడా ఇంకా తగ్గుతుంది.

సగం మెట్టు దండగ అనుకుని మొదటి వాలుతోనే పూర్తి మెట్టు వేసేవాళ్లున్నారు. ఆ పద్ధతిలో మెట్టును సగం చేస్తే తప్పు సగమే తగ్గుతుంది. నడిమి వాలు పద్ధతిలో నాలుగోవంతుకు పడిపోతుంది. అరవై చిల్లర వరసలే కాబట్టి సూత్రం ఒక్కసారి రాసి కిందికి లాగితే సరి. కొంచెం ప్రోగ్రామింగ్ తెలిస్తే నాలుగు వాలుల రుంగే-కుట్టా పద్ధతి ఇంకా మంచిది.

దారిలో సరిచూసుకోవడానికి థీటా విలువలు: దూ 1 దగ్గర 0.855, 2 దగ్గర 0.583, 3 దగ్గర 0.359, 4 దగ్గర 0.209, 5 దగ్గర 0.111, 6 దగ్గర 0.044. మీవి మూడో దశాంశంలో అటూ ఇటూ ఉంటే కంగారు లేదు. రెండో దశాంశంలోనే తేడా ఉంటే మాత్రం ఎక్కడో గడి తప్పు పట్టుకున్నారు. ఎక్కువగా జరిగేది, నడిమి వాలు లెక్కలో దూ పాతదే ఉండిపోవడం.

థీటా రుణాత్మకం అయిన వరస దగ్గర ఆపండి. దాని ముందు వరసకూ దీనికీ మధ్య సరళరేఖ గీసి సున్నా ఎక్కడ పడుతుందో చూడండి. అసలు జవాబు 6.897, అక్కడ క్యూ 2.018. ఉపరితలం దగ్గర క్యూ దాదాపు కదలదు. కాబట్టి దూరంలో చిన్న తప్పు దొర్లినా ద్రవ్యరాశికి ఏమీ కాదు.

పట్టిక మూసేముందు ఒకటి గమనించండి. దూ 2 దగ్గర క్యూ 1.04. అంటే వ్యాసార్ధంలో 29 శాతం దూరానికే ద్రవ్యరాశిలో సగం వచ్చేసింది. కేంద్ర సాంద్రత సగటు సాంద్రతకు 54 రెట్లు. లీడ్స్‌లో ఎడ్మండ్ స్టోనర్ 1930లోనే నక్షత్రమంతా సాంద్రత ఒకేలా ఉందనుకుని ఒక పరిమితి లెక్కగట్టారు. ఆ ఊహతో, మ్యూ 2 పెట్టి, ఎలక్ట్రాన్ల శక్తిని గురుత్వ శక్తితో సమానం చేస్తే 1.75 వస్తుంది. నిజమైన నక్షత్రం మధ్యలో అంత బిగుసుకుని ఉంటుంది కాబట్టే చంద్రశేఖర్ అంకె దానికన్నా తగ్గింది.

నాలుగో మెట్టు: ద్రవ్యరాశి

ద్రవ్యరాశి = 4పై × 2.018 × (కె ÷ (పై × జి))^(3/2)

కె ÷ (పై × జి) = 2.3535 × 10¹⁹. దాని 3/2 ఘాతం 1.1418 × 10²⁹. 25.36తో గుణిస్తే 2.896 × 10³⁰ కిలోలు. సూర్యుడితో భాగిస్తే 1.456.

కేంద్ర సాంద్రత సూత్రంలో ఎక్కడా లేదు చూడండి. మొదటి మెట్టులో వ్యాసార్ధం కొట్టేసుకుపోయిందన్నది ఇక్కడ అంకెల్లో కనిపిస్తోంది.

మరి పుస్తకాల్లో 1.44 అని ఎందుకుంటుంది? పరమాణు ద్రవ్యరాశి ప్రమాణం బదులు ప్రోటాన్ లేదా హైడ్రోజన్ ద్రవ్యరాశి పెట్టి చూడండి. 1.43, 1.44 దగ్గరకు వస్తుంది. చంద్రశేఖర్ రాసుకున్న రూపం 5.75 ÷ మ్యూ². నేటి స్థిరాంకాలతో, కార్బన్‌కు సరిపోయే ప్రమాణంతో అది 5.83 ÷ మ్యూ². మీ 1.456 సరైనదే, 1.44 కోసం దాన్ని సవరించకండి.

తప్పు జవాబును బట్టి తప్పును పట్టుకోవడం

ఈ లెక్కలో ఒక్కో పొరపాటు తనదైన అంకెను వదిలి వెళుతుంది. జవాబు 2.06 వస్తే గదికి ఇద్దరు అన్నది మరచి స్పిన్‌ను వదిలేశారు. 7.57 వస్తే పీడనంలో మూడోవంతు పెట్టలేదు. 5.83 వస్తే మ్యూ 1గా ఉండిపోయింది. 0.092 వస్తే హెచ్ బదులు దాన్ని 2పైతో భాగించిన విలువ వాడారు, క్వాంటం పుస్తకాలు రెండింటినీ కలిపి వాడతాయి కాబట్టి ఇది చాలా మామూలు. 0.93 వస్తే మ్యూ 2.5 పెట్టి 1931 పత్రాన్నే దాదాపు తిరగరాశారు. జవాబు 4.6తో మొదలై పక్కన పెద్ద పది ఘాతం ఉంటే సెంటీమీటరు-గ్రాము విలువ ఒకటి మధ్యలో దూరింది: జి మాత్రం పాత యూనిట్లలో ఉంటే 4.6 × 10⁻⁵, కె మాత్రం అలా ఉంటే 4.6 × 10⁷.

వేరే దారిలో సరిచూడాలంటే హెచ్‌ను 2పైతో భాగించి, సితో గుణించి, జితో భాగించి, 3/2 ఘాతం తీసుకుని, పరమాణు ద్రవ్యరాశి ప్రమాణపు వర్గంతో భాగించండి. 3.739 × 10³⁰ కిలోలు, అంటే సూర్యుడికి 1.880 రెట్లు వస్తుంది. దాన్ని 0.7745తో గుణిస్తే అదే 1.456. ఒక నక్షత్రం ఎంత బరువుండొచ్చో చెప్పడానికి ప్లాంక్, కాంతివేగం, గురుత్వం, ఒక కేంద్రక కణం బరువు చాలు. నక్షత్రానికి సంబంధించిన కొలత ఏదీ ఇందులో లేదు. ఎంత అద్భుతమో ఆలోచించండి.

ఐదో మెట్టు: అసలు నక్షత్రం

ఇప్పటిదాకా చేసింది కొస మాత్రమే. ఆ కొసకు చేరిన నక్షత్రానికి వ్యాసార్ధం సున్నా. నిజమైన శ్వేత కుబ్జంలో మధ్యన ఎలక్ట్రాన్లు వేగంగా, అంచుల్లో నెమ్మదిగా ఉంటాయి. రెండు సూత్రాలనూ ఒకదానికొకటి అతికించడం కాకుండా, మొదటినుంచి చివరిదాకా సరిగ్గా పనిచేసే సమీకరణం కావాలి. కేంబ్రిడ్జిలో 1934 నాటికి చంద్రశేఖర్ దాన్ని సాధించి, చేత్తో నడిపే లెక్కల యంత్రం మీద నక్షత్రం తర్వాత నక్షత్రం లెక్కకట్టారు.

ఇక్కడ ఆయన ఎంచుకున్న చలరాశే కిటుకు. సాంద్రతను చలరాశిగా పెడితే ఉపరితలం దగ్గర లెక్క అదుపు తప్పి, సాంద్రత రుణాత్మకమై, పట్టిక కుప్పకూలుతుంది. దాని బదులు ఎలక్ట్రాన్ గరిష్ఠ శక్తిని దాని నిశ్చల శక్తితో భాగించి, ఆ అంకెను ‘వై’ అనండి. ఫెర్మీ ద్రవ్యవేగాన్ని ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి × సితో భాగిస్తే వచ్చేది ‘ఎక్స్’. వై² = 1 + ఎక్స్². ఉపరితలంలో వై నెమ్మదిగా 1కి చేరుతుంది, ఏ గొడవా ఉండదు. దూరం కిలోమీటర్లలో, ద్రవ్యరాశి సూర్యుడి రెట్లలో, మ్యూ 2గా తీసుకుంటే సమీకరణాలు ఇవీ:

వై మారే రేటు = − 5384 × ద్రవ్యరాశి ÷ దూరం²
ద్రవ్యరాశి మారే రేటు = 1.231 × 10⁻¹¹ × దూరం² × (వై² − 1)^(3/2)

కేంద్రంలో ఎక్స్ ఎంతో మీరు నిర్ణయించుకుని, వై కనిపెట్టి, 200 కిలోమీటర్ల దగ్గర మొదలుపెట్టండి. అక్కడ ద్రవ్యరాశి = 4.103 × 10⁻¹² × ఎక్స్³ × దూరం³. కేంద్రపు వై నుంచి 1.105 × 10⁻⁸ × ఎక్స్³ × దూరం² తీసేస్తే అక్కడి వై వస్తుంది. ఎక్స్ 1, 2, 3 అయితే 20 కిలోమీటర్ల మెట్టు చాలు. ఎక్స్ 7 అయితే నక్షత్రం చాలా చిన్నది, 50 కిలోమీటర్ల దగ్గర మొదలుపెట్టి 5 కిలోమీటర్ల మెట్టు వాడండి. వై 1 కన్నా తగ్గిన గడిలో ఎక్సెల్ ఎర్రర్ చూపిస్తుంది. రుణాత్మక సంఖ్యకు 3/2 ఘాతం ఉండదు కాబట్టి అది మామూలే. దాని ముందు వరసే మీ ఉపరితలం.

ఎక్స్ 1 అయితే ద్రవ్యరాశి 0.51, వ్యాసార్ధం తొమ్మిది వేల కిలోమీటర్ల పైన. ఎక్స్ 2 అయితే 0.90, వ్యాసార్ధం దాదాపు భూమికున్నంత. ఎక్స్ 3 అయితే 1.10. ఎక్స్ 7 అయితే 1.35, వ్యాసార్ధం 2,700 కిలోమీటర్ల చుట్టుపక్కల. బరువు పెరిగేకొద్దీ నక్షత్రం చిన్నదవుతోంది. గ్రాఫ్ గీస్తే గీత 1.456 వైపు వంగి, అక్కడ సున్నాకు దిగుతుంది. ఆకాశంలో సిరియస్ పక్కనున్న శ్వేత కుబ్జం సిరియస్ బి ద్రవ్యరాశి సుమారు 1.02. మీ పట్టికలో అది ఎక్స్ 2కీ 3కీ మధ్య పడుతుంది. వ్యాసార్ధం భూమికన్నా కాస్త తక్కువ వస్తుంది, దూరదర్శినుల్లో చూసిందీ అంతే.

అదే గ్రాఫ్ మీద 5/3 ఘాతంతోనే లెక్కకట్టిన గీత కూడా గీయండి. వ్యాసార్ధం ద్రవ్యరాశి ఘనమూలానికి విలోమంగా తగ్గుతూ పోతుంది, ఎప్పటికీ సున్నాకు చేరదు. ఎంత బరువైన నక్షత్రమైనా ప్రశాంతంగా చల్లారిపోవచ్చని ఆ గీత చెబుతుంది. 1935 జనవరి 11న లండన్‌లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సమావేశంలో చంద్రశేఖర్ తన ఫలితం చదివాక, ఆర్థర్ ఎడింగ్టన్ లేచి సమర్థించింది ఈ రెండో గీతనే. సాపేక్ష సిద్ధాంతాన్నీ క్వాంటం గణాంకాలనూ ఇలా కలపకూడదన్నారు. నక్షత్రం అంత అసంబద్ధంగా ప్రవర్తించకుండా ప్రకృతిలో ఏదో నియమం అడ్డుపడాలన్నారు. అప్పటి ఖగోళ శాస్త్రంలో ఆయన మాటకు ఎదురులేదు. చంద్రశేఖర్ వయసు ఇరవై నాలుగు. క్వాంటం సిద్ధాంతం తెలిసినవాళ్లకు ఎడింగ్టన్ వాదన నిలవదని తెలుసు. అయినా భౌతిక శాస్త్రవేత్తలు డిరాక్, పైయెర్ల్స్, ప్రైస్ ఆ సంగతిని పత్రంగా అచ్చువేసేసరికి 1942 వచ్చింది.

రెండు గీతలూ ఎక్కడ విడిపోతాయో మీ గ్రాఫ్ మీద చూడండి. తేలికపాటి నక్షత్రాల దగ్గర రెండూ పక్కపక్కనే నడుస్తాయి. సూర్యుడంత బరువు దగ్గరకు వచ్చేసరికి తేడా దాచలేనంత అవుతుంది.

ఆయన జీవితాన్ని చదివే పద్ధతి

ఆయన గురించి ఇంకా చదవాలనుకుంటే తేదీల వరసలో కాక, విషయాల వరసలో చదవండి. 1937లో షికాగో విశ్వవిద్యాలయంలో చేరి చివరిదాకా అక్కడే ఉన్నారు, తొలి ఏళ్లు విస్కాన్సిన్‌లోని యెర్కీస్ అబ్జర్వేటరీలో. 1939లో నక్షత్ర నిర్మాణం మీద పుస్తకం ముగించి, ఆ విషయాన్ని పక్కన పెట్టేశారు. తర్వాత నక్షత్ర సమూహాల గతిశాస్త్రం, ఆ తర్వాత కాంతి ప్రసరణ, ద్రవాల స్థిరత్వం, తిరిగే ద్రవగోళాల ఆకారాలు, చివరకు కృష్ణబిలాలు. ప్రతిదాన్నీ ఏళ్లతరబడి తవ్వి, ఒక పెద్ద పుస్తకంగా రాసి, తర్వాతి దానికి వెళ్లడం ఆయన పద్ధతి. 1952 నుంచి 1971 దాకా ఆస్ట్రోఫిజికల్ జర్నల్ సంపాదకత్వమూ ఆయనదే. 1983లో నోబెల్ వచ్చింది, విలియం ఫౌలర్‌తో కలిపి. ఈ ఫౌలర్ అమెరికా శాస్త్రవేత్త, కేంబ్రిడ్జి ఆర్.హెచ్. ఫౌలర్ వేరు. ఈ ఇద్దరినీ ఒకరనుకుని రాసే వ్యాసాలు కనిపిస్తుంటాయి, జాగ్రత్త.

లెక్కను ఇంకా పదును పెట్టాలంటే

మీ దగ్గరున్నది ఆదర్శ నక్షత్రపు పరిమితి. మూడు సవరణలు దాన్ని కిందికి లాగుతాయి. ఒకటి, కేంద్రకాల ధనావేశం ఎలక్ట్రాన్లను ఆకర్షించి పీడనాన్ని కొద్దిగా తగ్గిస్తుంది. ఎడ్విన్ సాల్పీటర్ 1961లో దీన్ని లెక్కలోకి తెచ్చారు. రెండు, సాంద్రత మరీ పెరిగితే శక్తిమంతమైన ఎలక్ట్రాన్లు కేంద్రకాల్లోకి దూరి ప్రోటాన్లను న్యూట్రాన్లుగా మారుస్తాయి. మోసే ఎలక్ట్రాన్లు తగ్గుతాయి, మ్యూ పెరుగుతుంది. మూడు, సాధారణ సాపేక్ష సిద్ధాంతంలో గురుత్వం న్యూటన్ చెప్పిన దానికన్నా కాస్త బిగువుగా ఉంటుంది. అందుకే పరిమితికి సరిగ్గా చేరేలోపే నక్షత్రం తూకం తప్పుతుంది.

మొదట చేయదగ్గ మార్పు మ్యూ. ఇనుము విలువ 2.154 పెట్టి రెండో మెట్టు నుంచి మళ్లీ చేయండి, 1.26 వస్తుంది. పెద్ద నక్షత్రాల నడుమ పేరుకునే ఇనుప గుండె ఎంత బరువు దాకా నిలుస్తుందో తేల్చే లెక్కలు ఈ అంకెతోనే మొదలవుతాయి. ఆ గుండెలో వేడి ఇంకా మిగిలి ఉంటుంది కాబట్టి, అక్కడ మాత్రం ఎలక్ట్రాన్ల వేడి పీడనాన్ని కూడా కలుపుకోవాలి.